గురి ఎవరిది, రక్షణ ఎవరికి?
తుపాకి, ఆత్మరక్షణ చట్టం, సంప్రదాయవాదం: మూడు రకాల పుస్తకాలపై ఒక పరిశీలన

అమెరికాలో తుపాకి హక్కు గురించి మాట్లాడేవాళ్లు కొత్తవాళ్లకి చదవమని చెప్పే పుస్తకాల వరస ఒకటుంది. ముందు గురి నేర్పేవి: జెఫ్ కూపర్ రాసిన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ పర్సనల్ డిఫెన్స్' (1972), 'ది ఆర్ట్ ఆఫ్ ది రైఫిల్' (1997). వాటి పక్కన ఆత్మరక్షణ చట్టం: మసాద్ అయూబ్ 'ఇన్ ది గ్రేవెస్ట్ ఎక్స్‌ట్రీమ్' (1980). ఆ పైన రాజకీయ చింతన: ఫ్రెంచి విప్లవాన్ని తిడుతూ ఎడ్మండ్ బర్క్ 1790లో రాసిన పుస్తకం, ఫ్రెడరిక్ బాస్తియా 'ది లా' (1850), రస్సెల్ కిర్క్ 'ది కన్సర్వేటివ్ మైండ్' (1953). గురి, చట్టం, సంప్రదాయం. ఈ మూడూ ఒకే అల్మారాలోకి ఎట్లా చేరాయన్నది ఆ వరస తయారుచేసేవాళ్లకి ప్రశ్నే కాదు. మనకి అదే అసలు ప్రశ్న.

ఈ పుస్తకాలు ఇప్పుడు సెల్‌ఫోన్లోనే దొరుకుతున్నాయి. చదువుకున్న మన కుర్రాళ్లు చదువుతున్నారు కూడా. వాళ్లని తప్పుపట్టాల్సిన పనిలేదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపినప్పుడు, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవల పాలు చేసినప్పుడు, 2012 జూన్ 12న లక్ష్మీపేట మీద జరిగిన దాడిలో అయిదుగురు చనిపోయినప్పుడు, వాడ వేసుకున్న ప్రశ్న ఒకటే. మనల్ని మనం కాపాడుకోవటం ఎట్లా? దీనికి ఆ అల్మారాలో జవాబుందా, లేకపోతే మనం ఏం చదవాలి అన్నదే ఇక్కడ చూడదలచుకున్నది. సత్తెనపల్లి నుంచి రాస్తున్నాం కాబట్టి పల్నాడు సంగతులు కాస్త ఎక్కువే వస్తాయి.

దళితుల చేతికి ఆయుధం అందనివ్వలేదని మనం తరచుగా అంటుంటాం. అది సగమే నిజం. అందనిచ్చారు. ఊరికి కావలి కాయమని కర్ర ఇచ్చారు. దొరల సైన్యంలో తుపాకి ఇచ్చారు, పని అయిపోయాక లాక్కున్నారు. ఎలక్షన్లొస్తే నాటుబాంబు ఇస్తున్నారు. ఇంకొకడి ఇంటిని, ఇంకొకడి పొలాన్ని, ఇంకొకడి పదవిని కాపాడటానికి మన చేతిలో ఆయుధం ఎప్పుడూ ఉంది. మన వాడని మనం కాపాడుకోటానికి పట్టుకున్నప్పుడే అది నేరమైంది. చివరికి మంచినీళ్ల బిందె ఎత్తినా నేరమే అయింది. కనుక తుపాకి పేల్చటం వచ్చా రాదా అనేది మనకి రెండో ప్రశ్న. ఎవడు పేలిస్తే దాన్ని 'రక్షణ' అంటున్నారు, ఎవడు పేలిస్తే 'దాడి' అంటున్నారు అనేది మొదటి ప్రశ్న. ఈ గీటురాయి మీదే ఆ పుస్తకాల్ని గీసి చూద్దాం.

కూపర్ అమెరికన్ మెరైన్ సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్‌గా చేసినవాడు. పనితనం తెలిసినవాడు, వాక్యం పొదుపుగా రాస్తాడు. ఏ తుపాకినైనా గుళ్లున్న తుపాకిగానే చూడు, చంపదలచుకోని దానివైపు గొట్టం తిప్పకు, గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు, గురికి అవతల ఏముందో చూసుకో అని ఆయన ప్రచారంలోకి తెచ్చిన నాలుగు జాగ్రత్తలు ఎన్‌సీసీలో పాయింట్ టూటూ రైఫిలు పట్టుకునే మన పిల్లలకి కూడా పనికొస్తాయి. పేచీ అక్కడ లేదు. ఆత్మరక్షణ గురించి ఆయన చెప్పే ఏడు సూత్రాల్లో మొదటిది అప్రమత్తత. చుట్టూ చూసుకో, తేడాగా ఉన్నవాణ్ని కనిపెట్టు అంటాడు. ఆయన ఊహలో దాడి చేసేవాడు ముక్కూమొహం తెలియనివాడు. రోడ్డు మీద ఎదురవుతాడు, లేదా రాత్రి కిటికీలోంచి దూకుతాడు. మన మీదకి వచ్చేవాడు అట్లాంటివాడా? చుండూరు సాక్షులు పేరుపేరునా చెప్పగలిగారు. కారణం, వచ్చినవాళ్లంతా తాము కూలికి వెళ్లే చేల యజమానులు, వాళ్ల పిల్లలు, బంధువులు. వాడలో ఎవడి ఇల్లు ఎక్కడుందో, ఎవడు ఏ దారిన పారిపోతాడో వాళ్లకి తెలుసు. దాడి మొదలయ్యేది కూడా కత్తితో కాదు. ముందు పనుల్లోకి పిలవటం మానేస్తారు. చేలగట్ల మీద నడవనివ్వరు. కొట్లో సరుకివ్వరు. ఇన్ని రోజులపాటు జరిగే దాడిని గురి చూసి కొట్టేదెట్లా? కూపర్ దగ్గర దీనికి పాఠం లేదు.

అయూబ్ పుస్తకం అంతకన్నా మేలు. ఆయన పోలీసు పని చేసినవాడు, కోర్టుల్లో నిపుణుడిగా సాక్ష్యం చెప్పినవాడు. నిరపరాధి ప్రాణానికి గానీ ఒంటికి గానీ తక్షణమైన, మరోరకంగా తప్పించుకోలేని పెద్ద ప్రమాదం వచ్చినప్పుడు మాత్రమే ప్రాణం తీసే బలం వాడాలి, తర్వాత కోర్టులో ఏం జరుగుతుందో ముందే తెలుసుకోవాలి అని పుస్తకమంతా హెచ్చరిస్తాడు. తుపాకి మోజు పెంచేకన్నా తుంచే పుస్తకం ఇది. కానీ ఆ నిర్వచనంలో 'నిరపరాధి' అనే మాట దగ్గర ఆగి చూడండి. ఫలానావాడు నిరపరాధి అని ఎవరు తేలుస్తారు? ఎస్సై తేలుస్తాడు. మర్నాటి పేపరు తేలుస్తుంది. మన విషయంలో అది ఎట్లా తేలుతుందో చూసినవాళ్లమే గదా. అయూబ్ పాఠకుడు కోర్టులోకి నిరపరాధిగా అడుగుపెడతాడు. మనవాడు ముద్దాయిగానే అడుగుపెడతాడు, కొన్నిసార్లు చచ్చిపోయిన తర్వాత కూడా.

ఈ తేడా అమెరికా నల్లవాళ్లకి మనకన్నా ముందే తెలుసు. 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పు రాసిన టానీ, నల్లవాళ్లని పౌరులుగా ఒప్పుకుంటే వాళ్లు ఎక్కడికైనా ఆయుధాలు పట్టుకుని వెళ్లొచ్చని ఒప్పుకోవాల్సొస్తుందని భయపడ్డాడు. 1892లో మెంఫిస్‌లో స్నేహితుల్ని మూక చంపేశాక ఐడా బి. వెల్స్ 'సదరన్ హారర్స్' రాసింది. ప్రతి నల్ల ఇంట్లో వించెస్టర్ రైఫిలుకి గౌరవస్థానం ఉండాలని అందులో చెప్పింది. 1956లో మాంట్‌గమరీలో ఇంటి మీద బాంబు పడ్డాక మార్టిన్ లూథర్ కింగ్ పిస్తోలు లైసెన్సుకి దరఖాస్తు పెడితే ఇవ్వలేదు. నార్త్ కరోలినాలోని మన్రోలో రాబర్ట్ విలియమ్స్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ గుర్తింపుతోనే నల్లవాళ్ల రైఫిలు క్లబ్బు పెట్టాడు, క్లాన్ మూకల్ని నిలబెట్టాడు, 'నీగ్రోస్ విత్ గన్స్' (1962) రాశాడు. 1967లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు అప్పటి చట్టం ప్రకారమే తుపాకులు పట్టుకుని, వెంట లా పుస్తకాలు పెట్టుకుని పోలీసుల వెనక తిరిగేసరికి ఏం జరిగింది? రిపబ్లికన్ సభ్యుడు మల్ఫోర్డ్ బిల్లు పెట్టాడు, గవర్నరు రోనాల్డ్ రీగన్ సంతకం పెట్టాడు, రైఫిల్ అసోసియేషన్ మద్దతిచ్చింది. జనం మధ్య గుళ్లున్న తుపాకి పట్టుకుని తిరగటం నేరమైపోయింది. తుపాకి పౌరుడి పుట్టుకహక్కు అని చెప్పే కన్సర్వేటివులకి, నల్లవాడు పట్టుకోగానే అది శాంతిభద్రతల సమస్య అయింది. పైన చెప్పిన వరసలో వెల్స్ ఉండదు, విలియమ్స్ ఉండడు. ఆ రెండు పేర్లు చేరిస్తే వరస మొత్తం తలకిందులవుతుంది. 1972లో బొంబాయి కుర్రాళ్లు దళిత పాంథర్స్ అని పేరు పెట్టుకున్నప్పుడు వాళ్లకి అందింది ఈ రెండో వరసే.

మూడో రకం పుస్తకాలకి వద్దాం. కిర్క్ సంప్రదాయవాదానికి ఆరు సూత్రాలు చెప్పాడు. నాగరిక సమాజానికి శ్రేణులు, తరగతులు అవసరం అనేది అందులో ఒకటి. ఆస్తికి, స్వేచ్ఛకి విడదీయరాని ముడి ఉందనేది ఇంకొకటి. చదువుతుంటే ఎక్కడో విన్నట్టు లేదా? మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ధర్మానికి అడ్డం వచ్చినప్పుడు ద్విజులు ఆయుధం పట్టొచ్చని ఉంది. చంపటానికి మీదకొచ్చేవాడు గురువైనా, బ్రాహ్మణుడైనా వెనకాడకుండా చంపొచ్చని కూడా ఆ వెంటనే ఉంది. అంటే ఈ దేశంలో ఆత్మరక్షణ హక్కు పాతదే. పట్టే అధికారాన్ని మాత్రం పుట్టుకతో ముడేశారు. అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో ఈ నరం మీదే కొట్టాడు. ఇతర దేశాల్లో జరిగినట్టు ఇక్కడ కింది కులాలు ఎందుకు తిరగబడలేదు అని అడిగి, చాతుర్వర్ణ్యం వాళ్లకి ఆయుధం లేకుండా, చదువు లేకుండా చేసింది గనుక అని జవాబు చెప్పాడు. ఆ పుస్తకంలోనే బర్క్‌ని మెచ్చుకుంటూ తలుచుకున్నాడు కూడా. సమాజానికి మతం పునాది అన్నంతవరకు బర్క్‌తో ఒప్పుకుని, అయితే ఈ మతాన్ని నాశనం చెయ్యక తప్పదు అన్నాడు. సంప్రదాయవాదిని చదవటమంటే అది. పారేసేదీ లేదు, మొక్కేదీ లేదు. వాడి ఇటుకే తీసుకుని మన గోడ కట్టుకోవాలి.

బాస్తియాని కూడా అట్లాగే చదవొచ్చు. చట్టం అంటే ప్రతి మనిషికీ ఉన్న ఆత్మరక్షణ హక్కుని అందరూ కలిసి ఏర్పాటు చేసుకోవటమే అంటాడు. ఆ చట్టమే దోపిడీకి సాధనమైతే దోపిడీకి గురైనవాళ్లు చట్టం చేసే చోటికి చొరబడతారంటాడు. ఆయన దృష్టిలో దోపిడీ అంటే ఎక్కువగా పన్నులు, సబ్సిడీలు. వెట్టి సంగతి మనం చేర్చి చదువుకుంటే ఈ చిన్న పుస్తకం మన పక్షాన మాట్లాడటం మొదలుపెడుతుంది. అమెరికన్ పాఠకుడికి అది ఆస్తిని కాపాడే పుస్తకం. ఆస్తి లేనివాడికి అది రిజర్వేషన్లని సమర్థించే పుస్తకం.

మన గుంటూరు గడ్డ మీద సంప్రదాయవాదం ఎట్లా పండిందో కూడా చూడాలి. సాహిత్యంలో విశ్వనాథ 'వేయిపడగలు' సంగతి అందరికీ తెలిసిందే, వర్ణవ్యవస్థ పడగలు రాలిపోతున్నాయన్న దుఃఖం అది. రాజకీయంగా ఇంకా ముఖ్యమైనవాడు నిడుబ్రోలు ఎన్.జి. రంగా. 1959లో కాంగ్రెసు నాగపూర్‌లో సహకార వ్యవసాయం తీర్మానం చేశాక రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షుడయ్యాడు. 1967లో ఆ పార్టీ 44 సీట్లతో లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమైంది. సర్కారు పెత్తనం వద్దు, రైతు కుటుంబం, దాని భూమి పవిత్రం అన్నది వాళ్ల వాదం. వినటానికి బాగానే ఉంటుంది. ఆ 'రైతు కుటుంబం'లో పాలేరు ఉన్నాడా? ఆ భూమి దున్నే మాదిగ ఉన్నాడా? అమెరికాలో ఇల్లు మనిషికి కోటలాంటిది అంటారు. ఇక్కడ కోట కట్టుకోటానికి జాగా కావాలి గదా. మన ఇళ్లు పోరంబోకులో, పట్టా చేతికి రాని నివేశన స్థలాల్లో, ఊరికి దిగువన వాననీళ్లు నిలిచేచోట ఉన్నాయి. కోట సిద్ధాంతం వాడదాకా రాకముందే ఊరి పొలిమేరలో ఆగిపోతుంది.

సత్తెనపల్లివాళ్లం గనుక 'మాలపల్లి'ని వదిలిపెట్టి ముందుకెళ్లలేం. ఉన్నవ లక్ష్మీనారాయణ పాత సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టాడు. పల్నాడు పుల్లరి ఉద్యమంలో అరెస్టయి వేలూరు జైల్లో ఉండగా ఆ నవల రాశాడు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తెలుగులో దళితుడి ఆత్మరక్షణ గురించి మొదట ఆలోచించిన పెద్ద నవల అదే. కూలి గొడవలో చౌదరయ్య కొట్టిన దెబ్బకి సంగదాసు చనిపోతాడు. సోదరుడు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై, ధనికుల్ని కొట్టి పేదలకి పంచే దారి పడతాడు. తండ్రి రామదాసు అంతా భరిస్తాడు, వేదాంతం చెబుతాడు. రచయిత గౌరవం ఎవరి పక్షాన ఉంది? నిస్సందేహంగా తండ్రి పక్షాన. జగ్గడి కోపానికి కారణముందని ఒప్పుకుంటాడు, కథలో దాన్ని రసవత్తరంగా నడిపిస్తాడు. కానీ నవలకి ఆత్మ మాత్రం రామదాసు సహనమే. దళితుడు దెబ్బ తిని ఓర్చుకుంటే మహాత్ముడు, తిరిగి కొడితే బందిపోటు. ఈ రెండింటికీ మధ్యన చట్టం ఒప్పుకున్న మూడో మనిషి ఒకడున్నాడు. మీదకొచ్చినవాణ్ని ఆ క్షణంలో అడ్డుకుని, ఆ తర్వాత కోర్టులో నిలబడి 'అవును, అడ్డుకున్నాను, అది నా హక్కు' అనే మనిషి. అతనికి 'మాలపల్లి'లో చోటు లేదు. ఉన్నవ లాయరు అయుండి కూడా ఆ మనిషిని ఊహించలేకపోయాడు. కారంచేడు దాకా మన సాహిత్యం కూడా పెద్దగా ఊహించలేదు.

ఇక పల్నాటి యుద్ధం. శ్రీనాథుడి పేరు మీదున్న ద్విపద చదివినా, వీరవిద్యావంతులు పాడే కథ విన్నా, జీన్ రోఘైర్ 1982లో అచ్చువేసిన 'ది ఎపిక్ ఆఫ్ పల్నాడు' చూసినా మాల కన్నమదాసు కనపడతాడు. బ్రహ్మనాయుడు కొడుకుగా చూసుకున్నవాడు, సేనలు నడిపినవాడు. కారంపూడి ఉత్సవాల్లో ఈనాటికీ కొణతాలకి, అంటే ఆ వీరుల ఆయుధాలకి పూజ జరుగుతుంది, చాపకూడు గురించి ఉపన్యాసాలిస్తారు. మనవాళ్లు కన్నమదాసుని గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. అయితే ఆ యుద్ధం ఎవరిది? దాయాదుల రాజ్యం పంచాయితీ అది. కోడిపందెంలో ఓడి వలస పోయినవాళ్లు వాటా అడిగిన గొడవ. అందులో కన్నమదాసు వాడకి వచ్చిన భూమి ఎంత? కథ చెప్పదు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత పల్నాడు ఫ్యాక్షన్లలో జరుగుతున్నదీ ఇదే వరస. రెండు వర్గాల నాయకులూ ఒకే కులంవాళ్లు, లేదా రెండు పెద్ద కులాలవాళ్లు. వాళ్ల తరఫున రాళ్లు, బరిసెలు, నాటుబాంబులు మోసేవాళ్లలో మనవాళ్లుంటారు. బాంబు పట్టుకుని దొరికినవాడి మీద 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద కేసు. నాయకుడికి బెయిలు, అనుచరుడికి రౌడీషీటు. 2024 మే 13 పోలింగు రోజున, ఆ తర్వాత మాచర్ల, నరసరావుపేట ప్రాంతాల్లో జరిగిన హింసకి ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీనే సస్పెండ్ చెయ్యాల్సొచ్చింది. ఆ గొడవలన్నిటిలో వాడ భద్రత అనే అంశం ఎవరి ఎజెండాలో ఉంది?

ఇంత చెప్పాక, మనం చదవాల్సినదేదో చెప్పాలి. ముందు చదవాల్సింది ఏ పుస్తకమూ కాదు, పదకొండు సెక్షన్లు. పాత ఇండియన్ పీనల్ కోడ్‌లో 96 నుంచి 106 వరకు, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు. అంకెలు మారాయి గానీ విషయం దాదాపు అదే. మన శరీరాన్నే కాదు, ఇంకొకరి శరీరాన్ని కాపాడే హక్కు కూడా 35లో ఉంది. పక్కింటివాణ్ని కొడుతుంటే అడ్డం వెళ్లే హక్కన్నమాట. ఏ సందర్భాల్లో ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాదో 38 చెబుతుంది. అందులో అత్యాచార ప్రయత్నం ఉంది, 2013లో చేరిన యాసిడ్ దాడి ఉంది. మనుషులుండే ఇంటికి నిప్పు పెట్టబోతుంటే ప్రాణం తీసేంత వరకు అడ్డుకోవచ్చని 41 అంటుంది. బిల్డింగు అనే కాదు, డేరా అయినా సరే అంటుంది. పూరిగుడిసెల్లో ఉండేవాళ్లు ఈ సెక్షన్‌ని బట్టీ పట్టాలి. 44 కింద ఉన్న ఉదాహరణ మరీ చిత్రం. చంపటానికి మూక చుట్టుముట్టినప్పుడు దాని మీద కాల్పులు జరపక తప్పనివాడి గురించి రాశారు. 1860లో ఆ తుపాకి ఎవరి చేతిలో ఊహించారో తెలుస్తూనే ఉంది. 1878 ఆయుధ చట్టం యూరోపియన్లకి లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చింది గదా. అసలు ఈ అధ్యాయాన్ని ఇంత విశాలంగా ఎందుకు ఉంచారంటే, ఈ దేశపు జనం మరీ అణిగిపడి ఉంటున్నారు, వాళ్లలో పౌరుషం పెంచాలి అని మెకాలే తన ముసాయిదాలో రాసుకున్నాడు. దొర మాట మనకి ఈ రకంగా పనికొస్తుంది. సుప్రీంకోర్టు కూడా 2010లో దర్శన్ సింగ్ కేసులో ఈ హక్కుని పౌరుల్లో పెంపొందించాలని, దాడికి గురైనవాడు పిరికిగా పారిపోవాల్సిన పనిలేదని చెప్పింది.

అయితే తలుపు తీసిన చేతే 37లో గడియ పెట్టింది. అధికారుల రక్షణ పొందే వ్యవధి ఉన్నప్పుడు ఆత్మరక్షణ హక్కు లేదు అంటుంది ఆ సెక్షన్. చుండూరుని దీని పక్కన పెట్టి చదవండి. ఆ రోజు ఊళ్లో పోలీసులున్నారు. వాడలో మగవాళ్లని పారిపొమ్మని చెప్పింది వాళ్లేనని నిజనిర్ధారణ రిపోర్టులు చెబుతున్నాయి. పారిపోయినవాళ్లని చేలల్లో కాపుకాసి నరికారు. అంటే అధికారుల రక్షణ కోరడమే చావుకి దారి చూపింది. పోలీసులు ఊళ్లో ఉండటం వేరు, రక్షణ ఉండటం వేరు. మన లాయర్లు కోర్టులో తెగదెంచి వాదించాల్సిన పాయింటు ఇది. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు వేరే మార్గాలు తగవని అంబేద్కర్ 1949 నవంబరు 25న చెప్పిన మాటలో కూడా 'తెరిచి ఉన్నప్పుడు' అనే షరతు ఉంది. ఆ ప్రసంగాన్ని మనకి బుద్ధి చెప్పటానికి వాడేవాళ్లు ఆ షరతు చదవరు. చుండూరులో ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మార్గం తెరిచి ఉందా లేదా అనేది దీన్ని బట్టే లెక్కగట్టుకోవాలి.

ఇంకో గడియ పోలీసు భాషలో ఉంది. 'ఇరువర్గాల ఘర్షణ' అని రాస్తారు. ఎఫ్ఐఆర్‌లో అదే, పేపర్లో అదే. ఇది మామూలు మాట కాదు. ఇరుపక్షాలూ కొట్లాటకి సిద్ధపడి వచ్చిన చోట ఏ పక్షానికీ ఆత్మరక్షణ హక్కు లేదని కోర్టులు చాలాకాలంగా చెబుతున్నాయి. కాబట్టి ఒక్క 'ఘర్షణ' అనే మాటతో అట్రాసిటీ కేసు నీరుగారుతుంది, మనవాడి ఆత్మరక్షణ వాదన కూడా చస్తుంది, మన మీద కౌంటర్ కేసు బతుకుతుంది. 1985 జూలై 16న కారంచేడు చెరువు దగ్గర మున్నంగి సువార్త కొట్టవచ్చినవాళ్లకి అడ్డంగా బిందె ఎత్తింది. సెక్షన్ 97కి అంతకన్నా మంచి ఉదాహరణ ఏ లా పుస్తకంలోనూ లేదు. కానీ ఊరు దాన్ని తిరుగుబాటు అంది, తెల్లారి వాడ మీద పడింది. ఆ కేసు ముద్దాయిల్లో ముఖ్యుణ్ని 1989లో పీపుల్స్ వార్ చంపింది. చాలామంది ఊరట పొందారు, ఆ మాట దాచక్కర్లేదు. కానీ అది ఆత్మరక్షణ కాదు, ప్రతీకారం. తుపాకి, నిర్ణయం రెండూ ఇంకొకరివి. బిందె ఎత్తిన చెయ్యి మాత్రం మనది.

పుస్తకాల్లో బొజ్జా తారకం రాసిన 'పోలీసులు అరెస్టు చేస్తే' ఇప్పటికీ మొదట ఇవ్వదగ్గది. మామూలు తెలుగులో మామూలు మనిషికి చట్టం చెప్పిన పుస్తకం. కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడరు పదవి వదులుకున్నవాడు రాసిన పుస్తకం. కొత్త సంహితలు వచ్చాయి గనుక సెక్షన్ల నంబర్లు మార్చి మళ్లీ వెయ్యాలి. దాని లోపం కూడా పేరులోనే ఉంది. అరెస్టయ్యాక ఏం చెయ్యాలో చెబుతుంది. అరెస్టుకి ముందు, దాడి జరుగుతున్నప్పుడు మనకి ఏం హక్కుందో చెప్పే జోడు పుస్తకం తెలుగులో రావాలి. కారంచేడు మీద, చుండూరు మీద బాలగోపాల్ రాసినవి పక్కన పెట్టుకుంటే భూమికీ బలానికీ ఉన్న లింకు అర్థమవుతుంది.

తుపాకి లైసెన్సు సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే కుర్రాళ్లు ముందు దాన్నే అడుగుతారు. 2020లో హథ్రస్ ఘటన తర్వాత భీమ్ ఆర్మీ నాయకుడు చంద్రశేఖర్ ఆజాద్ బహుజనులకి లైసెన్సులివ్వాలని డిమాండ్ చేస్తే టీవీలు గగ్గోలు పెట్టాయి. అందులో కొత్తేమీ లేదు. 1995 అట్రాసిటీ నిబంధనల్లో మూడో రూల్ అదే చెబుతోంది. దాడులు జరిగే అవకాశమున్న ప్రాంతాల్ని గుర్తించి, అవసరమైతే ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులు రద్దుచేసి ఆయుధాల్ని ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. అక్రమ ఆయుధాల్ని పట్టుకుని వాటి తయారీని ఆపాలి. ఆ తర్వాత అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకి లైసెన్సులివ్వాలి. ఈ వరసని గమనించండి. మన చేతికి తుపాకి ఇవ్వటం మూడో మెట్టు. వాళ్ల చేతిలోది తీసుకోవటం మొదటి మెట్టు. నా అభిప్రాయంలో ఈ వరసే సరైనది. వాడలో రెండు తుపాకులుంటే ఊళ్లో ఇరవై వస్తాయి. పనికీ, నీళ్లకీ, దారికీ ఊరి మీద ఆధారపడినంతకాలం ఆ రెండు తుపాకులూ మనకి రక్షణ అయ్యేకన్నా వాళ్లకి సాకు అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా హక్కుని వదులుకోకూడదు. 1959 ఆయుధ చట్టం సెక్షన్ 14 ప్రకారం ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదు. నిరాకరిస్తే సెక్షన్ 18 కింద అప్పీలు ఉంది. అయితే సెక్షన్ 9 చూసుకోండి. శాంతిభద్రతల కోసం బాండు రాయించుకున్నవాడికి ఆ బాండు గడువు ముగిసేదాకా ఆయుధం కలిగి ఉండే హక్కు లేదు. గొడవ జరిగిన ప్రతిసారీ 'ఇరువైపులా' బైండోవర్ అంటూ తహసీల్దారు ముందు మనవాళ్ల చేత సంతకాలు పెట్టిస్తారు గదా, ఇప్పుడు అది నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 126. ఆ సంతకంతో పోయేది ఇది. పెట్టేముందు లాయరుతో మాట్లాడండి.

ఎన్నికలొచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకుల్ని స్టేషన్లో డిపాజిట్ చేయించే యంత్రాంగం జిల్లాలో ఉంది. అదే యంత్రాంగం మూడో రూల్ కింద ఈ పని చెయ్యలేకపోవటానికి కారణం లేదు. సత్తెనపల్లి, గురజాల, మాచర్ల, నరసరావుపేట ప్రాంతాల్లో విద్యార్థి సంఘాలు సమాచార హక్కు చట్టం కింద కలెక్టరాఫీసుకి మూడు ప్రశ్నలు పంపాలి. 1995 నుంచి, 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా కింద, ఆ తర్వాత పల్నాడు జిల్లా కింద, ఏయే గ్రామాల్ని దాడులు జరిగే అవకాశమున్న ప్రాంతాలుగా గుర్తించారు? ఆ గ్రామాల్లో ఎన్ని లైసెన్సులు రద్దుచేశారు? ఎస్సీ, ఎస్టీల దరఖాస్తులు ఎన్ని వచ్చాయి, ఎన్ని తిరస్కరించారు, ఏ కారణం రాశారు? జవాబులు వస్తే ఈ పత్రికకి పంపండి. రాకపోతే అప్పీలు కాపీలు పంపండి.